తరిమే చోటు, తగిలే చోటు: అంతరిక్షంలో అతిశక్తి న్యూట్రినోలు ఎలా పుడతాయి

మధ్యధరా సముద్రంలో, సిసిలీ తీరానికి దూరంగా, 3,450 మీటర్ల లోతున, కణాలు నీళ్లలో వదిలే వెలుగును పట్టే గాజు గోళాలను దండల్లా గుచ్చి నిలబెట్టారు. 2023 ఫిబ్రవరి 13న ఆ దండల మధ్య నుంచి మ్యూయాన్ అనే కణం ఒకటి దాదాపు అడ్డంగా దూసుకుపోయింది. దాన్ని పుట్టించింది న్యూట్రినో, ఆవేశం లేని, దేనికీ దాదాపు తగలని కణం. దాని శక్తి సుమారు 220 పెటా ఎలక్ట్రాన్ వోల్టులని (పెటా అంటే ఒకటి పక్కన పదిహేను సున్నాలు) రెండేళ్లపాటు లెక్కలు సరిచూసుకుని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. అప్పటివరకు మనిషి కంటపడ్డ న్యూట్రినోల్లో అంత శక్తి ఉన్నది ఇంకోటి లేదు. గ్రాము బరువుండే చింతగింజ డాబా మీంచి జారి నేలమీద పడితే ఎంత దెబ్బ తగులుతుందో అంత శక్తి అది. చింతగింజకైతే అదొక లెక్క కాదు. కానీ ఇక్కడ ఆ దెబ్బంతా ఒకే ఒక్క కణానిది. అదీ ఎలక్ట్రాన్ బరువులో పది లక్షల వంతు కూడా తూగని కణానిది. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ యంత్రం 27 కిలోమీటర్ల సొరంగంలో తిప్పితిప్పి ఒక ప్రోటాన్‌కు ఇవ్వగలిగే శక్తికి ఇది 30 వేల రెట్ల పైమాటే.

మరి దీనికి అంత శక్తి ఎవరిచ్చారు?

న్యూట్రినోల మాట వస్తే సాధారణంగా చెప్పుకునేది ఒకటే: మన ఒంట్లోంచి క్షణానికి లక్షల కోట్లు దాటిపోతున్నా మనకు తెలియదని. నిజమే, కానీ వాటిలో చాలావరకు సూర్యుడిలో పుట్టిన బక్క న్యూట్రినోలు. 1987లో మన పక్క గెలాక్సీలో నక్షత్రం పేలినప్పుడు మూడు ప్రయోగశాలల్లో కలిపి దొరికిన పాతిక న్యూట్రినోలు కూడా శక్తి విషయంలో దాదాపు ఆ కోవలోకే వస్తాయి. పరమాణు కేంద్రకాలు కలిసినా, నక్షత్రం గుండె కుప్పకూలినా పెటా ఎలక్ట్రాన్ వోల్టులు రావు. వాటికి దారి పూర్తిగా వేరు.

ఒక కణాన్ని పరుగెత్తించాలంటే దాన్ని పట్టుకోవడానికి ఏదో ఒక పిడి ఉండాలి. ప్రోటాన్‌కు విద్యుదావేశమే ఆ పిడి. విద్యుత్ క్షేత్రం దాన్ని లాగుతుంది, అయస్కాంత క్షేత్రం వంచుతుంది. న్యూట్రినోకు ఆవేశం లేదు కాబట్టి విశ్వంలో ఏ శక్తీ దాన్ని తరమలేదు. దాని దగ్గరున్న శక్తంతా పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఇచ్చింది ఒక ప్రోటాన్. అందుకే అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఆ ప్రోటాన్ ఎక్కడ అంత పరుగు అందుకుంది? దేనికి తగిలింది? మొదటిదాని మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి. నన్ను ఎక్కువగా పట్టి లాగేది రెండోది. ఈ పదేళ్లలో వచ్చిన ఆశ్చర్యాలన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

మన నెత్తిమీదే జరిగే పని

ఈ తయారీని చూడటానికి కృష్ణబిలం దాకా పోనక్కర్లేదు. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు మన వాతావరణం పైభాగంలో గాలి అణువులకు రోజంతా తగులుతూనే ఉంటాయి. తగిలినప్పుడు పయాన్లనే కణాలు చిమ్ముతాయి. పయాన్ ఎక్కువసేపు బతకదు. ఆవేశమున్న పయాన్ అయితే మ్యూయాన్‌గా మారుతూ ఒక న్యూట్రినోను వదులుతుంది. ఆ మ్యూయాన్ కూడా కాసేపటికి విరిగి, ఎలక్ట్రాన్‌నో దాని ధనావేశపు జంట పాజిట్రాన్‌నో, దాంతోపాటు ఇంకో రెండు న్యూట్రినోలను వదులుతుంది. ఈ వాక్యం చదువుతుండగానే అలా పుట్టిన మ్యూయాన్లు మీ అరచేతిలోంచి క్షణానికి ఒకటి చొప్పున దాటిపోయి ఉంటాయి.

ఈ రకం న్యూట్రినోలను మొట్టమొదట పట్టుకున్న చోట్లలో ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. చిత్తూరు సరిహద్దుకు అవతల, గని కాలనీల్లో తమిళం, తెలుగు, కన్నడం కలిసి వినిపించే కోలార్ బంగారు గనులు. రెండు కిలోమీటర్లకు పైగా రాయి కింద, వేరే కణాలు దాదాపు చేరలేని లోతులో, టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి పరికరాలు పెట్టారు. 1965 ఆగస్టులో వాళ్ల పత్రం అచ్చయింది. అదే నెలలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో పనిచేసిన బృందం పత్రం కూడా వచ్చింది. కోలార్ పత్రం మీద ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్‌లతోపాటు పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం పేర్లున్నాయి. గని 2001లో మూతపడింది. ఈ పని అక్కడ జరిగిందని మన బడి పుస్తకాల్లో ఒక్క పేరాగ్రాఫ్ ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

శక్తి పంపకం లెక్క కూడా ఇక్కడే చెప్పుకుందాం, ముందు ముందు పనికొస్తుంది. ప్రోటాన్ దగ్గర ఒక రూపాయి ఉందనుకోండి. కాంతి కణానికి తగిలినప్పుడు అందులో ఓ ఇరవై పైసలు పయాన్‌కు పోతాయి. పయాన్ చివరికి నాలుగు కణాలుగా విడిపోతుంది: మూడు న్యూట్రినోలు, ఒక పాజిట్రాన్. తలా ఐదు పైసలు. అంటే న్యూట్రినో చేతిలో ఐదు పైసలు కనిపిస్తే, దాని వెనక రూపాయి పట్టుకుని పరుగెత్తిన ప్రోటాన్ ఒకటి ఉందన్నమాట. సిసిలీ సముద్రంలోకి వచ్చిన న్యూట్రినోకు ఈ లెక్క వేస్తే, తల్లి ప్రోటాన్ శక్తి దాదాపు 4,400 పెటా ఎలక్ట్రాన్ వోల్టులు.

పరుగు

అంత పరుగు ఒక్క తోపుతో రాదు. ఎన్రికో ఫెర్మీ 1949లో చెప్పిన ఊహ, 1970ల చివర్లో ఇంకా పదునుపెట్టిన ఊహ, ఇప్పటికీ దీనికి ఆధారం. గోడకు కొట్టిన బంతి వచ్చిన వేగంతోనే తిరిగొస్తుంది. అదే ముందుకు ఊపిన బ్యాట్‌కు తగిలితే వచ్చినదానికన్నా జోరుగా పోతుంది. నక్షత్రం పేలినప్పుడో, కృష్ణబిలం దగ్గర్నుంచి జెట్, అంటే కణాల ధార, ఎగజిమ్మినప్పుడో ఏర్పడే ఆఘాత తరంగానికి రెండువైపులా చిక్కుపడ్డ అయస్కాంత క్షేత్రాలుంటాయి. అవి ఒకదానివైపు ఒకటి వచ్చే రెండు బ్యాట్లలాంటివి. మధ్యలో చిక్కిన ప్రోటాన్ ఇటూ అటూ తగిలిన ప్రతిసారీ శక్తి కాస్త పెరుగుతుంది. వేలసార్లు తగిలితే ఆ కాస్తలే కొండంత అవుతాయి. ప్రతి దెబ్బకీ కొన్ని ప్రోటాన్లు పక్కకు జారిపోతాయి కాబట్టి, ఎంత ఎక్కువ శక్తి చూస్తే అంత తక్కువ కణాలు కనిపిస్తాయి.

దీనికి హద్దు ఉంది. అయస్కాంత క్షేత్రంలో ప్రోటాన్ గుండ్రంగా తిరుగుతుంది, శక్తి పెరిగేకొద్దీ ఆ వలయం పెద్దదవుతుంది. వలయం ఆ చోటుకన్నా పెద్దదైపోతే ప్రోటాన్ ఇక అక్కడ ఆగదు. చోటు ఎంత పెద్దది, క్షేత్రం ఎంత బలమైనది అన్న రెండింటి గుణకారమే హద్దు అని మైఖేల్ హిల్లాస్ 1984లో ఒకే బొమ్మలో చూపించాడు. ఆ బొమ్మలో నిలబడగలిగే చోట్లు చాలా తక్కువ.

వెలుగే గోడ

ఇప్పుడు రెండో ప్రశ్న. తగలడానికి ఏముంది? గాలిలాంటి వాయువు ఉంటే ప్రోటాన్ అందులోని ఇంకో ప్రోటాన్‌కు తగులుతుంది. మన వాతావరణంలో జరిగేది అదే. కానీ అంతరిక్షంలో చాలాచోట్ల వాయువు మరీ పలచన. పాలపుంతలో నక్షత్రాల మధ్య ఘన సెంటీమీటర్‌కు సగటున ఒక పరమాణువు ఉంటే గొప్ప. అక్కడ దట్టంగా ఉండేది వెలుగు.

వెలుగు ప్రోటాన్‌కు అడ్డెలా అవుతుందన్న సందేహం రావడం సహజం. సన్న తుంపరలో నడిచి వెళ్తే చినుకు తగిలినట్టే ఉండదు. అదే తుంపరలో బైక్ మీద ఎనభైలో వెళ్తే ఒక్కో చినుకూ ముఖాన గులకరాయిలా తగులుతుంది. చినుకు మారలేదు, మన వేగం మారింది. 100 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌కు (టెరా అంటే పెటాలో వెయ్యో వంతు) ఎదురుగా ఒక మామూలు ఎక్స్-రే ఫోటాన్, అంటే వెలుగు కణం, వచ్చిందనుకోండి. 1.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులది. ప్రోటాన్ వైపు నుంచి చూస్తే ఆ ఫోటాన్ శక్తి రెండు లక్షల రెట్లు పెరిగి 340 మెగా ఎలక్ట్రాన్ వోల్టులుగా కనిపిస్తుంది. సరిగ్గా ఆ శక్తి దగ్గరే ప్రోటాన్ ఆ ఫోటాన్‌ను మింగి డెల్టా అనే బరువైన కణంగా మారిపోతుంది. డెల్టా అలా మారీ మారగానే విరిగి పయాన్‌ను ఉమ్మేస్తుంది.

ప్రోటాన్ శక్తి ఎక్కువైతే ఇంకా నీరసమైన వెలుగు సరిపోతుంది, తక్కువైతే ఇంకా ఘాటైన వెలుగు కావాలి. కాబట్టి ఒక చోట ఏ రంగు వెలుగు దట్టంగా ఉందో తెలిస్తే, అక్కడి నుంచి ఏ శక్తి న్యూట్రినోలు రావాలో చాలావరకు ముందే చెప్పొచ్చు. ఈ విషయంలో నాకు బాగా నచ్చేది ఈ సూటిదనమే.

పయాన్ పుట్టాక అది విరిగేంత తీరిక కూడా దొరకాలి. నిలకడగా ఉన్న మ్యూయాన్ ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. ఒక పెటా ఎలక్ట్రాన్ వోల్టు శక్తితో పరుగెత్తే మ్యూయాన్‌కు, ఐన్‌స్టీన్ చెప్పిన కాలం సాగుదల వల్ల, అదే ఆయుష్షు 20 సెకన్ల పైన ఉంటుంది. ఆ 20 సెకన్లలో అది 60 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి చందమామ దాకా పదిహేనుసార్లు వెళ్లినంత. అంతే శక్తి ఉన్న పయాన్‌కు 50 వేల కిలోమీటర్ల పైన దారి కావాలి. మన వాతావరణంలో అంత చోటెక్కడిది? బాగా శక్తి ఉన్న పయాన్ విరగకముందే ఇంకో గాలి అణువుకు తగిలి శక్తి పోగొట్టుకుంటుంది. అందుకే వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు శక్తి పెరిగేకొద్దీ చాలా త్వరగా పలచబడిపోతాయి. అంతరిక్షంలో అడ్డు తక్కువ కాబట్టి అక్కడి పయాన్లు నింపాదిగా విరుగుతాయి. 100 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల పైన కనిపించే న్యూట్రినోల్లో బయటివే ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

మరీ బలమైన అయస్కాంత క్షేత్రంలోనైతే కథ మారుతుంది. పయాన్ తొందరగా విరిగి తన న్యూట్రినోను ఇచ్చేస్తుంది కానీ, ఎక్కువసేపు బతికే మ్యూయాన్ తిరిగి తిరిగి శక్తి కాల్చుకుంటుంది. న్యూట్రినోల్లో ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌ అని మూడు రకాలున్నాయి. మ్యూయాన్ అలా నీరసిస్తే ఎలక్ట్రాన్ రకం వాటా పడిపోతుంది. మామూలుగా మూలం దగ్గర ఒక ఎలక్ట్రాన్ రకానికి రెండు మ్యూయాన్ రకాలు పుడతాయి, టౌ రకం దాదాపు ఉండదు. దారిలో అవి ఒకదాన్నుంచి ఒకటిగా మారుతూ వచ్చి, ఇక్కడికి చేరేసరికి మూడూ ఇంచుమించు సమానమవుతాయి. దక్షిణ ధ్రువం దగ్గరి న్యూట్రినో పరికరంలో ఏడు టౌ న్యూట్రినోల జాడ దొరికినట్టు 2024లో ప్రకటించారు. పుట్టినచోట లేని రకం ఇక్కడ కనిపించడమంటే, అవి చాలా దూరం నుంచే వచ్చాయని గట్టి సాక్ష్యం.

తోడబుట్టిన గామా కిరణం

ప్రోటాన్ తగిలినప్పుడు పుట్టే పయాన్లలో కొన్నింటికి ఆవేశం ఉండదు. అవి వెంటనే రెండేసి గామా కిరణాలుగా, అంటే ఎక్స్-రేలకన్నా ఘాటైన వెలుగుగా, విరుగుతాయి. రూపాయి లెక్కలో తలా పది పైసలు. అంటే న్యూట్రినో పుట్టినచోట గామా కిరణం కూడా పుట్టి తీరాలి. అందుకే చాలా ఏళ్లు అందరూ అనుకున్నది సూటిగానే ఉంది: గామా కిరణాల్లో ధగధగ మెరిసే చోటు వెతికితే న్యూట్రినోలు అక్కడే దొరుకుతాయని.

2017లో అది నిజమైనట్టే కనిపించింది. దక్షిణ ధ్రువం దగ్గర ఐస్‌క్యూబ్ అనే పరికరం ఉంది. మంచులో ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోమీటర్ల లోతున 86 తీగలకు 5,160 గాజు గోళాలు వేలాడదీశారు. ఒక్కోటి బాస్కెట్‌బాల్ కన్నా కాస్త పెద్దది. న్యూట్రినో మంచును తాకి మ్యూయాన్‌ను పుట్టిస్తే, ఆ మ్యూయాన్ దారి పొడవునా వదిలే నీలి వెలుగును ఇవి పట్టుకుంటాయి. 2017 సెప్టెంబర్ 22న, మన గడియారంలోనైతే అర్ధరాత్రి దాటి 23వ తేదీ 2 గంటల 24 నిమిషాలకు, అలాంటి గీత ఒకటి మంచులో పడింది. 43 సెకన్లలో ప్రపంచంలోని టెలిస్కోపులన్నిటికీ కబురు వెళ్లింది. న్యూట్రినో శక్తి దాదాపు 290 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు. వచ్చిన దిక్కు ఓరియన్ మండలం, మన మృగశిర నక్షత్రం ఉండే వైపు. అక్కడ దాదాపు 400 కోట్ల కాంతి సంవత్సరాల అవతల టీఎక్స్‌ఎస్ 0506+056 అనే బ్లేజార్ ఉంది. అంటే మధ్యలోని భారీ కృష్ణబిలం నుంచి చిమ్మే జెట్ నేరుగా మనవైపు తిరిగి ఉన్న గెలాక్సీ. గామా కిరణాలను పట్టే ఫెర్మీ ఉపగ్రహం చూస్తే ఆ రోజుల్లో అది గామా కిరణాల్లో మంచి జోరుమీద ఉంది.

అందరూ సంబరపడ్డారు. తర్వాత పాత రికార్డులు తిరగేస్తే చిక్కు మొదలైంది. 2014-15లో కొన్ని నెలలపాటు అదే దిక్కు నుంచి డజనుకు పైగా న్యూట్రినోలు అదనంగా వచ్చాయి. మరి అప్పుడు గామా కిరణాలు? మామూలుగానే ఉన్నాయి, ఉప్పెనేమీ లేదు.

ఆలోచిస్తే ఈ చిక్కు మొదటి నుంచీ అక్కడే ఉంది. ప్రోటాన్‌ను ఆపే వెలుగు గామా కిరణాన్ని కూడా ఆపుతుంది. గామా కిరణం ఇంకో ఫోటాన్‌కు తగిలితే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారి మాయమవుతుంది. ఇది జరగడం, ప్రోటాన్ ఫోటాన్‌కు తగిలి పయాన్ పుట్టడంకన్నా వందల రెట్లు తేలిక. కాబట్టి ఒక చోటు నుంచి గామా కిరణాలు సుఖంగా బయటకొస్తున్నాయంటే, అక్కడి వెలుగు పలచగా ఉందని, ప్రోటాన్లు చాలావరకు దేనికీ తగలకుండానే జారిపోతున్నాయని అర్థం. న్యూట్రినోలు బాగా పుట్టాలంటే వెలుగు దట్టంగా ఉండాలి. అలా ఉంటే గామా కిరణం లోపలే చిక్కిపోతుంది. మనం ఏళ్ల తరబడి వెతికిన దీపాలు తప్పుడు దీపాలేమో.

ముసుగు వెనక

దీనికి జవాబులా వచ్చింది ఎన్‌జీసీ 1068. సీటస్ మండలంలో 4.7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ, బ్లేజార్‌తో పోలిస్తే గుమ్మం ముందున్నట్టే. దీని కృష్ణబిలం చుట్టూ ధూళి, వాయువు మందంగా కమ్ముకుని ఉన్నాయి. 2011 నుంచి 2020 వరకు పోగైన సమాచారాన్ని మళ్లీ జాగ్రత్తగా విడదీసి చూస్తే, ఈ దిక్కు నుంచి దాదాపు 79 న్యూట్రినోలు అదనంగా తేలాయని ఐస్‌క్యూబ్ బృందం 2022 నవంబర్‌లో ప్రకటించింది. అటూఇటూ ఓ ఇరవై తేడా ఉండొచ్చు. ఇది కాకతాళీయం అయ్యే అవకాశం సుమారు లక్షలో ఒకటి. టెరా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాల కోసం ఇదే గెలాక్సీని గంటల తరబడి చూసిన టెలిస్కోపులకు ఒక్కటీ దొరకలేదు.

వచ్చిన న్యూట్రినోల శక్తి ఒకటిన్నర నుంచి 15 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య. ఐదు పైసల లెక్క వేయండి. తల్లి ప్రోటాన్లు 30 నుంచి 300 టెరా ఎలక్ట్రాన్ వోల్టులవి. వాటి నడుమ ఉండే 100 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌ను ఆపడానికి ఏ వెలుగు కావాలో పైన చూశాం: కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-రేలు. కృష్ణబిలాన్ని అంటిపెట్టుకుని కరోనా అనే సలసల కాగే ప్లాస్మా ఉంటుంది, అది వెదజల్లేది అచ్చంగా ఆ ఎక్స్-రేలనే. అదే ఎక్స్-రేల మడుగులో కొన్ని వందల మెగా ఎలక్ట్రాన్ వోల్టుల పైనున్న గామా కిరణం దాటి రాలేదు. దాని శక్తి ముక్కలై, చాలా నీరసమైన వెలుగుగా బయటపడుతుంది. న్యూట్రినో ఒక్కటే ఆ మడుగునూ, ధూళినీ, నాలుగున్నర కోట్ల సంవత్సరాల దారినీ దాటి దక్షిణ ధ్రువపు మంచులో గీత గీసింది. ఈ లెక్కలు ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడిపోవడం మొదటిసారి కాగితం మీద వేసి చూసుకున్నప్పుడు కలిగిన ఆనందం నాకింకా గుర్తుంది. ఆ కరోనాలో ప్రోటాన్లకు పరుగు ఎలా వస్తుందన్నది మాత్రం తేలలేదు. అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కునేటప్పుడని కొందరు, అక్కడి అలజడిలో అని కొందరు.

మన పాలపుంత సంగతి ఇంత జటిలం కాదు. లక్షల ఏళ్లు తిరుగుతూ ఉండే ప్రోటాన్లు ఎప్పుడో ఒకప్పుడు పలచటి వాయువుకే తగులుతాయి. ఆ న్యూట్రినోల మసక వెలుగును 2023లో ఐస్‌క్యూబ్ చూడగలిగింది. ఆకాశమంతటి నుంచి వచ్చేవాటిలో ఇవి పదో వంతు దగ్గర్లో ఉంటాయి. ఒకప్పుడు అందరూ ఆశపడ్డ గామా కిరణ విస్ఫోటాల వాటా ఒక శాతం కూడా లేదని లెక్క తేలింది. మిగిలినదంతా ఎక్కడి నుంచన్నది వెతకాలి. ఎన్‌జీసీ 1068 లాంటి ముసుగు గెలాక్సీలే ఎక్కువ బాకీ తీరుస్తాయని నా అంచనా.

సిసిలీ దగ్గర దొరికిన ఆ న్యూట్రినోకు మూలం ఇంకా దొరకలేదు. అది వచ్చిన దిక్కులో కొన్ని బ్లేజార్లున్నాయి కానీ, ఇదీ అని వేలుపెట్టి చూపగలిగింది ఏదీ లేదు. అసలు దానికంటూ ఒక ఊరే లేకపోవచ్చు. విశ్వం పుట్టినప్పటి వెలుగు చల్లారి, మైక్రోవేవ్ తరంగాలుగా ఇప్పటికీ అంతటా నిండి ఉంది. తగినంత పరుగున్న ప్రోటాన్‌కు ఆ వెలుగు కూడా గోడే. అప్పుడు తగిలే చోటు గెలాక్సీల మధ్య ఎక్కడైనా కావచ్చు. ఇది తేలాలంటే ఇలాంటివి ఇంకొన్ని దొరకాలి. ఆ ఫిబ్రవరి రోజున నీళ్లలో ఉన్న దండలు 21. అన్నీ దించడం పూర్తయ్యేసరికి 230 ఉండాలి.